పదకొండు గంటల గీత

గోవింద్ సముద్రంలో పోయిన ఇరవై అయిదో రోజున, పగలు పదకొండు దాటి రెండు నిమిషాలకు, అతని ఫోను ఇంటికొచ్చిందని కంప్యూటరు చెప్పింది.

గౌరి అప్పుడు ఎవరిదో రేషన్ కార్డు దరఖాస్తు నింపుతోంది. తెర మూల చిన్న గడిలో తెలుగు అక్షరాలు వెలిగాయి. "గోవింద్ ఫోను కలిసింది." ఏడాదిన్నరగా రోజూ చూసిన మాటే. చెయ్యి అలవాటు, కాలు అలవాటు. కుర్చీలోంచి లేచి, "కాళ్లు కడుక్కుని రా, అంబలి పెడతాను" అంటూ గుమ్మం దాకా వెళ్లిపోయింది. అక్కడ ఆగిపోయింది.

ఎదురుగా సందు. మాడ్చే ఎండ. చేపల బుట్టలతో ఇద్దరు ఆడవాళ్లు, భుజాన వలేసుకుని తన దారిన పోతున్న లక్ష్ముడు, గోడనీడన కుక్క. అంతే.

వెనక్కి తిరిగి చూసేసరికి తెర మీద రెండో మాట వచ్చి ఉంది. "రెండు ఫైళ్లు అందాయి."

దరఖాస్తు కోసం కూర్చున్న ముసలాయన, "ఏటైందమ్మా, మొకం అలగైపోనాది?" అన్నాడు. గౌరి రేపు రమ్మని చేత్తోనే చెప్పి పంపేసింది.

గౌరి నాన్న గజపతినగరం సంతలో ఎండుచేపలు అమ్మేవాడు. ఆమెను విజయనగరంలో కంప్యూటర్ల డిప్లొమా చదివించి, కోనాడ పక్కనున్న ఈ పేటలో గోవింద్‌కిచ్చి చేశాడు. పెళ్లయ్యాక ఊరికే కూర్చోలేక ముందుగదిలో ఒక పాత కంప్యూటరు పెట్టుకుంది. దరఖాస్తులు, హాల్ టికెట్లు, ఫొటోలు. మొదట్లో అందరిలాగే దొంగ కాపీ విండోస్ ఉండేది. వచ్చేపోయేవాళ్ల పెన్ డ్రైవుల్లోని వైరస్‌లకి అది వారానికోసారి పడకేసేది. విసుగెత్తి, కాలేజీలో నేర్చుకున్న లినక్స్ ఎక్కించింది. ఆ తర్వాత దానికి జలుబు కూడా చెయ్యలేదు. మాటలన్నీ తెలుగులో కనపడేటట్టు పెట్టుకుంది. లోపల ఏం జరిగినా ఆ సిస్టం అక్షరాల్లో రాసుకుంటుంది, అడిగినవాళ్లకి దాచకుండా చూపిస్తుంది. ఆమెకి నచ్చింది అదే.

గోవింద్ ఫోనుకీ ఆ పనే చేసింది. అది పాతబడిందని కంపెనీవాళ్లు పట్టించుకోవడం మానేశారు. నత్తలా నడిచేది. గౌరి దాన్ని మొత్తం తుడిచేసి, ఎక్కడెక్కడివాళ్లో కలిసి రాసి ఊరికే పంచిపెట్టే లీనియేజ్ అనే సిస్టం ఎక్కించింది. సిగ్నలు లేకపోయినా పనిచేసే మ్యాపు పెట్టింది. నడిసముద్రంలో టవర్లు అందవు గానీ ఉపగ్రహాలు అందుతాయి కదా. నీళ్లడుగున రాతి గుట్టలున్న చోటుని వేటవాళ్లు పార అంటారు, చేప అక్కడే ఉంటుంది. గోవింద్ ఒక్కొక్క పార మీదా గుర్తు పెట్టుకునేవాడు. ఫోను వెలిగిస్తే చాలు, తెప్ప వెళ్లిన దారంతా ఎర్రటి గీతగా పడేది. ఇంటి వైఫై అందగానే ఆ గీత దానంతటదే కంప్యూటర్లోకి దిగేది.

"మా గౌరి ఇంట్లో కూకునే, మనమెక్కడెక్కడ తిరిగినామో సూసీస్తాది. అబద్దమాడ్డానికి నేదురా" అని ఒడ్డున గొప్పలు పోయేవాడు.

అతనిది అంతా వేళాకోళం. తల్లి గురమ్మ బుట్ట నెత్తినెట్టుకుని ఊళ్లో అరిచే అరుపుని చాటుగా రికార్డు చేసి, ఫోను మోతగా పెట్టుకున్నాడు. "సేపలమ్మా సేపలూ... కానాగంతలూ, సందువాలూ!" అని ఫోను మోగితే పేటంతా నవ్వేది. గురమ్మ గరిటె తీసుకుని వెంటపడింది. కొట్టలేక తనూ నవ్వింది.

జులై ఏడున గోవింద్, లక్ష్ముడు ఇద్దరూ లక్ష్ముడి తెప్ప మీద వేటకెళ్లారు. లక్ష్ముడు గోవింద్ పెదనాన్న కొడుకు. గౌరికి బావ వరస. మధ్యాహ్నానికి లక్ష్ముడొక్కడే వచ్చాడు. కెరటం కొట్టి గోవింద్ పడిపోయాడనీ, నాలుగు గంటలు చుట్టూ తిరిగి వెతికినా కనపడలేదనీ చెప్పి ఇసుకలో కూలబడ్డాడు. అతను చెయ్యెత్తి చూపించిన వైపుకి పన్నెండు తెప్పలు వెళ్లి రెండు రోజులు గాలించాయి. మనిషీ దొరకలేదు, ఫోనూ దొరకలేదు. పదకొండో రోజున దర్భలతో బొమ్మ చేసి కర్మ కానిచ్చారు.

ఇప్పుడు ఆ ఫోను ఇంటికొచ్చింది.

గౌరి తలుపు దగ్గరికేసి, గీతలుండే చోటు తెరిచింది. రెండు కొత్త ఫైళ్లు. ఒకటి ఆ రోజుది, ఆగస్టు ఒకటి. రెండోది జులై ఏడు. ఆ తేదీ చూసేసరికి చెయ్యి వెనక్కొచ్చేసింది. పైనున్నదాన్నే తెరిచింది.

నీలం సముద్రం మీద ఎర్ర గీత మొదలైంది. తెల్లారగట్ల అయిదింటికి, ఎప్పుడూ గోవింద్ తెప్ప దించే చోటి నుంచే. తొమ్మిది మైళ్లు లోపలికి పోయింది. అక్కడ గుండ్రంగా తిరిగింది. ఒక చుట్టు, దాని మీద ఇంకో చుట్టు, ఇంకోటి. దారపు ఉండలా చిక్కుబడి పోయింది. రెండు గంటలు అలా తిరిగి, మళ్లీ ఒడ్డుకొచ్చింది. మధ్యలో ఎక్కడా వల వేసినట్టు ఆగలేదు.

మర్నాడూ అంతే. పదకొండు గంటల ప్రాంతంలో "గోవింద్ ఫోను కలిసింది". గౌరి గుమ్మంలోకి పరిగెత్తేది. సందులో రోజూ ఉండే మనుషులే. రెండు నిమిషాలకి "దూరమైంది" అని వచ్చేది. ఒక కొత్త గీత మిగిలేది. తొమ్మిది మైళ్లు, అదే చోటు, అవే చుట్లు.

ఆమె చదువుకున్నది. ఫైలు ఊరికే పుట్టదని తెలుసు. ఎవరి చేతిలోనో ఫోను ఉండాలి, ఎవరో పట్టుకెళ్లాలి, తేవాలి. సిస్టం రాసుకున్న చిట్టా తీసి వరుస వరుసా చదివింది. ఫోను ఎక్కడో సముద్రంలో నుంచి రావట్లేదు. తన ఇంటి వైఫై మీదే కలుస్తోంది. ఆ వైఫై డబ్బా సిగ్నలు సందు దాటి పోదు. అంటే, వచ్చేది గుమ్మం ముందుకే. చదివి ధైర్యం తెచ్చుకుందామనుకుంటే, చదివాక ఉన్న ధైర్యమూ పోయింది.

కంప్యూటర్లో ఇంకో సదుపాయం ఉంది. ఒక బొత్తాం నొక్కితే వైఫైలో ఉన్న ఫోను మోగుతుంది. గోవింద్ తరచూ ఫోనుని వలల్లో మర్చిపోయేవాడు కాబట్టి ఆమే పెట్టింది. నొక్కితే తేలిపోతుంది. వారం రోజులు ఆ బొత్తాం మీద వేలు పెట్టింది, తీసేసింది. మోగకపోతే ఏమిటి? మోగితే ఏమిటి? రెంటికీ భయమే.

తొమ్మిదో రోజున గురమ్మ కనిపెట్టేసింది.

"ఒలే గౌరీ, పదకొండయ్యేసరికి గుమ్మంలోకి ఉరుకుతావు. ఎవులొత్తారే?"

దాచలేక చెప్పేసింది. గీతలు కూడా చూపించింది. గురమ్మకి అక్షరం ముక్క రాదు. ముఖం తెరకి ఆనించి ఆ చుట్ల వంక చాలాసేపు చూసింది. కొడుకు పోయిన రోజున గుండెలు బాదుకుని ఏడ్చిన మనిషి, ఇప్పుడు ఏడవలేదు.

"దారి తెలీక తిరుగుతన్నాడే. దర్భబొమ్మని కాల్చినాం గాని ఆణ్ని కాల్చనేదు గదా. ఇంటికొత్తన్నాడు, గుమ్మం దాటనేక ఎలిపోతన్నాడు."

"అలగ కాదత్తా, ఎవులో ఫోను..."

"నువ్వూరుకో."

ఆ మర్నాటి నుంచి పదకొండింటికి ముందే గురమ్మ బేరం మానుకుని గుమ్మంలో కూర్చునేది. పక్కన లోటాడు చోడంబలి, నంజుకి ఉల్లిపాయ. లోపల గౌరి తెర చూసి, "వచ్చినాడత్తా" అనాలి. అప్పుడు ముసలామె సందులోని గాలితో, "తాగెల్లరా నాయినా" అనేది. కాసేపటికి గౌరి, "ఎలిపోనాడత్తా" అనేది. ఆ మాట అనడానికి గౌరికి మొదట్లో నోరు వచ్చేది కాదు. తర్వాత తర్వాత అలవాటైపోయింది. అలవాటవడమే ఎక్కువ భయపెట్టింది. అంబలి లోటా ఎలా పెట్టింది అలాగే ఉండేది.

ఆగస్టు సగమయ్యేసరికి గౌరికి తిండి సయించడం మానేసింది. ఒక సాయంత్రం, గురమ్మ నీళ్లకెళ్లినప్పుడు, జులై ఏడో తారీకు ఫైలు తెరిచింది. ఇన్నాళ్లు ఎందుకు తెరవలేదో, ఆ రోజు ఎందుకు తెరిచిందో ఆమెకే తెలియదు.

గీత ఒడ్డు నుంచి లోపలికి పోయింది. తొమ్మిది మైళ్ల దగ్గర పార గుర్తు. అక్కడ మెల్లబడింది. వల వేసినట్టుంది, ఎర్ర చుక్కలు దగ్గరదగ్గరగా పడ్డాయి. ఏడూ నలభై రెండు వరకూ అక్కడే. ఆ తర్వాత...

గౌరి తెరని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది.

ఆ తర్వాత గీత ఒడ్డు వైపుకి వచ్చేసింది. తిన్నగా. ఒక్క చుట్టు లేదు. ఒక్క వంపు లేదు. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా, తెప్పకి ఎంత వేగం ఉంటే అంత వేగంతో. పేటకి కాదు, పేటకి పైన ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరికి. ఎనిమిదీ యాభైకి మొగ చేరింది. అక్కడ మూడు గంటలపాటు గీత కదల్లేదు. చుక్క మీద చుక్క పడి, ఎర్రటి మచ్చ అయిపోయింది. పన్నెండింటికి బయల్దేరి పేటకొచ్చింది.

నాలుగు గంటలు తిరిగి వెతికానన్నాడు.

గౌరి కంప్యూటరు కట్టేసి, నల్లటి తెర ముందు చీకటి పడేదాకా కూర్చుంది. భుజాన వల. రోజూ పదకొండింటికి గుమ్మం ముందు నుంచి పోయే వల. ఆ వల ఒక్కనాడూ తడిగా లేదు. కళ్లు చూశాయి గానీ మనసు ఒప్పుకోలేదు.

మర్నాడు గురమ్మ లోటాతో గుమ్మంలో కూర్చుంది. పదకొండు దాటింది. తెర వెలిగింది. గౌరి ఈసారి "వచ్చినాడత్తా" అనలేదు. బొత్తాం నొక్కింది.

"సేపలమ్మా సేపలూ... కానాగంతలూ, సందువాలూ!"

సందులో గురమ్మ గొంతు మోగింది. గుమ్మంలో గురమ్మ నోరు మూసుకునే ఉంది. తన అరుపు తనకే ఎదురొచ్చేసరికి ముసలామె చేతిలోని లోటా జారి, అంబలి మెట్ల మీద పారింది. నడుస్తున్నవాళ్లంతా ఆగిపోయారు. బుట్టలామె ఒకావిడ "ఓలమ్మో" అని గోడకి అతుక్కుపోయింది. అరుపు మళ్లీ మోగింది, మళ్లీ మోగింది. సందు మధ్యలో లక్ష్ముడు నిలబడి ఉన్నాడు. నడుముకి కట్టుకున్న ప్లాస్టిక్ సంచీని రెండు చేతులతో నొక్కి పట్టుకుని ఉన్నాడు, పిల్ల ఏడుపు ఆపుతున్నట్టు.

గౌరి మెట్లు దిగి వెళ్లింది.

"బావా, అది మీ తమ్ముడి ఫోను."

అతను అక్కడే దుమ్ములో కూర్చున్నాడు. "సిమ్ము తీసి పారీసినాను గదమ్మా. సిమ్ము నేకుండా ఎలగ మోగింది?"

"సిమ్ముతో పనిలేదు బావా. గీతలన్నీ వచ్చినాయి. రోజూ వచ్చినాయి. ఏడో తారీకుది కూడా వచ్చింది."

"సూసినావా?"

"నిన్న సూసినాను."

లక్ష్ముడు నలభై ఏళ్లవాడు, ఆ నెలన్నరలో అరవై ఏళ్లవాడిలా అయిపోయాడు. ఎవరి మొహమూ చూడకుండా చెప్పాడు.

"నాను ఇంజిను కాడున్నాను. ఆడు నిలబడి వల లాగుతన్నాడు. కెరటం అడ్డంగా కొట్టీసింది. సూసేసరికి నీళ్లలో ఉన్నాడు. దూరమేటి, ఈ గుమ్మానికీ ఆ గోడకీ ఉన్నంత. 'అన్నా' అన్నాడు. తెప్ప తిప్పితే కెరటానికి అడ్డమైపోయి బోల్తా కొట్టీస్తాదనుకున్నాను. ఈ కెరటం పోనీ, తిప్పుదామనుకున్నాను. ఇంకోటి పోనీ అనుకున్నాను. సెయ్యి ఇంజిను మీదే ఉన్నాది, తిరగనేదమ్మా. మొగ కాడ ఇసక తగిలినాక తెలిసింది, ఒచ్చీసినానని."

"ఎతకడానికెల్లినోళ్లకి ఆ సోటు సూపించనేదేటి?" అని అడిగింది గౌరి.

"ఆడి ఫోను తెప్పలోనే ఉండిపోనాది. ఆ సోటు దాంట్లోనే ఉన్నాది. ఫోను బయటెడితే గీత బయట పడతాది. గీతలు నీకు తెలిసిపోతాయని ఆడు సెప్పినాడు గదా. సేత్తో ఉరమరగా, ఇటేపన్నట్టు సూపించినాను. తప్పు సూపించినాను."

"మరిప్పుడు రోజూ ఎందుకెల్తన్నావు?"

"ఆ రోజు తిరగనేదు గదా" అన్నాడు లక్ష్ముడు. "ఇప్పుడు తిరిగితే ఏటొస్తాదని నన్నడక్కమ్మా. ఇంట్లో కూకుంటే 'అన్నా' అని వినపడతాది. అక్కడ తిరుగుతన్నంతసేపు వినపడదు."

గురమ్మ ఎప్పుడొచ్చిందో వచ్చి వాళ్ల పక్కనే నిలబడి ఉంది. కొడుతుందని అందరూ అనుకున్నారు. ఆమె వంగి, లక్ష్ముడి చేతిలోని సంచీ తీసుకుని, ఫోను బయటికి తీసి చెవికి ఆనించుకుంది. మోత ఎప్పుడో ఆగిపోయింది.

"ఆడు 'అన్నా' అనే అన్నాడా?" అని అడిగింది. "'అమ్మా' అననేదా?"

లక్ష్ముడు తల అడ్డంగా ఊపాడు. "'అన్నా' అనే అన్నాడు పిన్నీ."

గురమ్మ తలాడించింది. ఫోను కొంగులో కట్టుకుని లోపలికెళ్లిపోయింది.

గౌరి పెద్దలకి చెప్పాలో వద్దో తేల్చుకోలేక ఆ రాత్రి కొట్టుమిట్టాడింది. ఆ అవసరం రాలేదు. తెల్లారాక లక్ష్ముడే ఒడ్డుకెళ్లి, పేట పెద్ద కూర్మయ్య కాళ్ల దగ్గర కూర్చుని, ఉన్నదంతా చెప్పేశాడు. కూర్మయ్య అడిగితే గౌరి ఆ చోటుని అతని ఫోన్లోకి ఎక్కించి ఇచ్చింది. అయిదు తెప్పలు వెళ్లాయి. నెలన్నర అయిపోయాక సముద్రంలో ఏం మిగులుతుంది? పసుపూ కుంకుమా వదిలి వచ్చారు. లక్ష్ముడితో ఎవరూ తెప్ప ఎక్కకూడదన్నారు. అతను ఈ తీరం నుంచి ఎందరో వెళ్లినట్టే తనూ గుజరాత్‌లోని వీరావల్‌కి, అక్కడి పెద్ద బోట్లలో పనికి పోతానన్నాడు.

బయల్దేరే ముందురోజు, లక్ష్ముడి భార్య ఈశ్వరి వచ్చింది. గుమ్మం ఎక్కకుండా మెట్ల కిందే నిలబడింది. చేతిలో మొగుడి ఫోను.

"గౌరీ, దీంట్లో కూడా అది ఎక్కించి ఇత్తావేటి?"

గౌరికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు మండింది. ఏ మొహం పెట్టుకుని వచ్చావక్కా అని నాలిక చివరిదాకా వచ్చింది.

"ఆయన ఎక్కడున్నాడో తెలుసుకుందామని కాదు," అంది ఈశ్వరి తల దించుకునే. "ఇంకెవులైనా పడిపోతే, ఈసారైనా తిరుగుతాడో నేదో నాకు తెలియాల. ఆయనతో కాపరం సేస్తన్నది నాను."

గౌరి ఆమె వంక చూసింది. తర్వాత స్టూలు ముందుకి జరిపింది. ఫోనుకి తీగ తగిలించి, పాతదంతా తుడిచి, కొత్తది ఎక్కించడం మొదలుపెట్టింది. గంటన్నర పట్టింది. ఇద్దరూ తెర మీద వరసలు పాకుతుంటే పక్కపక్కనే కూర్చుని చూశారు. అయిపోయాక, "దీనికి మా వైఫైయే అక్కర్లేదక్కా, ఎక్కణ్నించైనా వచ్చేటట్టు పెట్టినాను. ఒడ్డుకొచ్చి నెట్టు అందితే చాలు, గీత ఇక్కడికొచ్చీస్తాది. వస్తే కబురెడతాను" అంది గౌరి. ఈశ్వరి ఫోను కళ్లకద్దుకుని వెళ్లిపోయింది.

పదకొండు గంటల వేళ మూగబోయింది. గురమ్మ బుట్టెత్తుకుని మళ్లీ బేరానికెళ్లడం మొదలుపెట్టింది గానీ, నోరెత్తి అరవడం మానేసింది. ఇంటింటికీ వెళ్లి బుట్ట దించి మాటలేకుండా నిలబడేది. ఆ అరుపు ఇప్పుడు ఫోన్లో తప్ప ఎక్కడా లేదు. ఆ ఫోను ఆమె పెట్టెలో ఉంది. ఛార్జింగు పెట్టడానికి కూడా గౌరికి ఇవ్వలేదు.

సెప్టెంబరు చివర్లో ఒక మధ్యాహ్నం కంప్యూటరు మోగింది. గౌరి ఉలిక్కిపడి చూసింది. "లక్ష్ముడు బావ ఫోను కలిసింది." ఈశ్వరికి కబురెట్టింది. ఆమె అలాగే, గంజి వార్చిన చేతులతోనే వచ్చింది.

ఇది ఇంకో సముద్రం. నేల కుడివైపునుంది, నీళ్లు ఎడమవైపున్నాయి. గీత ఒడ్డు వదిలి ఎనిమిది రోజులు ఎక్కడెక్కడికో పోయి, పేర్లు కూడా తెలియని చోట్ల తిరిగి, మళ్లీ వచ్చింది.

"ఈ కొస ఏటి?" అంది ఈశ్వరి.

"ఒడ్డక్కా. ఒచ్చీసినాడు."

ఈశ్వరి కొంగు నోట్లో కుక్కుకుంది. లోపలి గదిలోంచి గురమ్మ వచ్చింది. ఈశ్వరిని చూసింది. గౌరి పక్కన నిలబడి, వేలు తెర మీద ఆనించి, ఆ ఎర్ర గీత వెంబడే ఒడ్డు నుంచి లోపలికి, లోపలి నుంచి ఇంకా లోపలికి మెల్లగా నడిపించింది. గీత అయిపోయిన చోట కూడా ఆగలేదు. వేలుని నీలం మీద కిందికి జరుపుకుంటూ పోయింది.

"గౌరీ," అంది. "ఆ నీల్లూ మన నీల్లూ కలుత్తాయేటే?"

"కలుస్తాయత్తా. చాలా కిందకెళ్లి కలుస్తాయి."

గురమ్మ వేలు తియ్యలేదు.